ఇంటర్వ్యూలో "పిల్లలు ఎప్పుడు ప్లాన్ చేస్తున్నారు" అని అడిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, అందులో ఆరేళ్ళు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూడా కూర్చున్నా. ఫ్రెండ్స్, జూనియర్లు, ఫ్రెండ్స్ చెల్లెళ్ళు ఇంటర్వ్యూ గది నుంచి బయటికి రాగానే ఫోన్ చేసి "అక్కా వాళ్ళు ఇలా అడిగారు, నేను ఇలా చెప్పా, తప్పు చెప్పానా" అని అడిగేవన్నీ ఒకచోట పెడుతున్నా. లాయర్‌ని కాదు, కానీ చట్టం గురించి చెప్పేవి గట్టిగా తెలిసినవే చెప్తా.

సూటిగా అలా ఎవరడుగుతారు ఈ రోజుల్లో?

సూటిగా అడిగేవాళ్ళూ ఉన్నారు, కానీ ఎక్కువసార్లు చుట్టూ తిరిగి వస్తుంది. "మీ ఆయన ఎక్కడ చేస్తారు", "ఇంట్లో ఎవరెవరు ఉంటారు", "పాపని ఎవరు చూసుకుంటారు మరి", "పెళ్లి కుదిరితే ఊరు మారతారా", "ఇక్కడే సెటిల్ అవుతారా". ఇవన్నీ ఒకటే ప్రశ్న. మొదట్లో మాటలు కలపడానికి అడిగినట్టు వస్తుంది, లేదంటే చివర్లో అందరూ లాప్‌టాప్ మూసేశాక, మీరు కూడా హమ్మయ్య అయిపోయింది అనుకున్నాక వస్తుంది, అప్పుడు మనం కాస్త వదులుగా ఉంటాం కాబట్టి అన్నీ చెప్పేస్తాం.

నాకు పెళ్లయిన రెండో ఏడు జరిగింది చెప్తా. మూడో రౌండ్, టెక్నికల్ అంతా బాగా అయింది. ప్యానెల్‌లో పెద్దాయన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి నవ్వుతూ "మరి ఫ్యామిలీ ప్లాన్స్ ఏంటమ్మా" అన్నారు. ఏదో నసిగా, ఏం చెప్పానో కూడా ఇప్పుడు గుర్తులేదు. గుర్తున్నది ఏంటంటే ఆయన నా రెజ్యూమె పైన కుడి మూలలో పెన్సిల్‌తో ఏదో రాసి కింద రెండు గీతలు గీశారు, నేను టేబుల్‌కి ఇవతల నుంచి తలకిందులుగా చదివా, "మ్యారీడ్, నో కిడ్స్ యెట్". నా ప్రాజెక్టుల గురించి గంటసేపు మాట్లాడితే ఆ కాగితం మీద వాటి గురించి ఒక్క ముక్క లేదు.

అసలు ఎందుకు అడుగుతారు?

అడిగే ప్రతివాళ్ళూ చెడ్డవాళ్ళని నేననను. వాళ్ళ బుర్రలో ఒక లెక్క నడుస్తుంటుంది: ఈమెని తీసుకుంటే ఏడాదిలో లీవ్‌కి వెళ్తుందా, వెళ్తే ఆ పని ఎవరు చేస్తారు, జీతం ఎవరివ్వాలి, తిరిగి వస్తుందా. ఆ లెక్కకి కారణం చాలావరకు డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది అన్నదే.

ఇండియా సంగతే తీసుకోండి. 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని 2017లో మార్చి మొదటి ఇద్దరు పిల్లలకి పెయిడ్ లీవ్‌ని 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. చాలా మంచి మార్పు, నేను కూడా వాడుకున్నా. కానీ ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కిందికి వచ్చేవాళ్ళని పక్కనపెడితే ఆ జీతం మొత్తం కంపెనీయే కట్టాలి, ప్రైవేట్‌లో తండ్రికి చట్టప్రకారం లీవే లేదు. అంటే బిడ్డ ఇద్దరిదీ, ఖర్చు మాత్రం ఆ తల్లిని ఉద్యోగంలో పెట్టుకున్న కంపెనీది. దాంతో ఆ లెక్క వచ్చి ఇంటర్వ్యూలో కూర్చున్న అమ్మాయి నెత్తిన పడుతుంది, పెళ్లి గురించి ఆలోచన కూడా లేని అమ్మాయి మీద కూడా.

ఇలా ఉండక్కర్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం, ఈ లీవ్ ఖర్చు ఒక్క యజమాని మీదే పడకూడదు, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలి అనే చెప్తుంది. జర్మనీలో ఆడవాళ్ళు పనిచేసినా చెయ్యకపోయినా కంపెనీలన్నీ ఒక ఫండ్‌కి చందా కడతాయి, ఎవరైనా మెటర్నిటీ లీవ్‌కి వెళ్తే కంపెనీ పెట్టిన ఖర్చు అందులోంచి తిరిగొస్తుంది. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజులు, అందులో చెరో 90 రోజులు రెండోవాళ్ళకి బదిలీ చెయ్యడానికి వీల్లేదు. తండ్రి కూడా నెలల తరబడి లీవ్ పెట్టే చోట ఆడపిల్లని ఒక్కదాన్నే పట్టుకుని అడిగి ఏం లాభం చెప్పండి. అందుకే లీవ్ ఎక్కువివ్వడం తప్పు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, బరువు ఒక్కళ్ళ మీదే పెట్టడం తప్పు.

ఊరికే తెలుసుకోవడానికి అడుగుతారేమో, సెలెక్షన్ మీద ప్రభావం నిజంగా ఉంటుందా?

ఉంటుంది. 2007లో అమెరికాలో అచ్చయిన ఒక స్టడీలో దాదాపు ఒకేలాంటి అర్హతలున్న దరఖాస్తులు జంటలుగా తయారుచేసి నిజమైన కంపెనీలకి పంపారు, ఒకదాంట్లో మాత్రం ఆమె తల్లి అని తెలిసేలా చిన్న వివరం పెట్టారు. పిల్లల ప్రస్తావన లేని ఆడవాళ్ళకి తల్లులకంటే 2.1 రెట్లు ఎక్కువ కాల్స్ వచ్చాయి. తండ్రులకి అలాంటి నష్టమేమీ కనపడలేదు. ఇక 2018లో బ్రిటన్ సమానత్వ, మానవహక్కుల కమిషన్ బయటపెట్టిన సర్వేలో, ముందుముందు పిల్లల్ని కనే ఆలోచన ఉందా అని ఆడవాళ్ళని అడగడం సబబే అన్న ప్రైవేట్ యజమానులు 36 శాతం. అక్కడ ఈ వివక్ష మీద చట్టం ఎంత గట్టిగా ఉన్నా ఇది పరిస్థితి.

అలా అడగడం చట్టప్రకారం తప్పా కాదా, ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో చెప్పలేను, దేశాన్ని బట్టి మారుతుంది.

అమెరికాలో చాలామంది "అడగడమే నేరం" అనుకుంటారు. ఫెడరల్ చట్టం ఆ ప్రశ్నని పేరుపెట్టి నిషేధించలేదు, కానీ 1964 పౌరహక్కుల చట్టం, దానికి 1978లో గర్భిణుల కోసం చేసిన సవరణ ప్రకారం ఆ జవాబు చూసి ఉద్యోగం ఇవ్వకపోవడం తప్పు, పైగా అడిగారంటేనే వివక్ష చూపే ఉద్దేశానికి అది సాక్ష్యంగా పనికొస్తుంది. అక్కడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1971లో తేలిన ఒక కేసు నాకు చాలా ఇష్టం. ఒక కంపెనీ బడికి వెళ్ళని వయసు పిల్లలున్న తల్లుల దరఖాస్తులు తీసుకోలేదు, అదే వయసు పిల్లలున్న తండ్రుల్ని మాత్రం పనిలో పెట్టుకుంది. "మేం తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే కదా" అన్న వాదన కూడా వచ్చింది, నిజమే, ఆ పోస్టులో చేరినవాళ్ళలో మూడొంతులకి పైగా ఆడవాళ్ళే. అయినా తల్లికి ఒక రూలు తండ్రికి ఒక రూలు కుదరదని కోర్టు చెప్పింది.

యూరప్‌లో 1990 నాటి డెక్కర్ కేసు ఉంది. నెదర్లాండ్స్‌లో ఒకామె ఉద్యోగానికి వెళ్ళి తనకి మూడో నెల అని తనే చెప్పింది. కమిటీ ఈమే అందరికన్నా సరిపోతుంది అని రాసింది కూడా, కానీ లీవ్ ఖర్చు బీమా సంస్థ తిరిగివ్వదు కాబట్టి తీసుకోలేదు. యూరప్ కోర్టు అది నేరుగా వివక్షే అంది, పోటీలో మగవాళ్ళు ఒక్కరు కూడా లేకపోయినా సరే, డబ్బు నష్టం అన్నది సాకుగా చెల్లదు అంది. ఫ్రాన్స్‌లో ఉద్యోగానికి వచ్చినామె కడుపుతో ఉన్నానని చెప్పక్కర్లేదు, కంపెనీ ఆరా తియ్యకూడదు అని కార్మిక చట్టంలోనే రాసుంది. చైనాలో 2019లో తొమ్మిది ప్రభుత్వ శాఖలు, అధికారిక సంస్థలు కలిసి ఉత్తర్వు ఇచ్చాయి, ఉద్యోగానికి వచ్చిన ఆడవాళ్ళని పెళ్లి గురించి, పిల్లల గురించి అడగకూడదని.

ఇండియాలో ప్రైవేట్ కంపెనీ ఆ ప్రశ్న అడగకూడదని నేరుగా చెప్పే సెక్షన్ లేదు. కానీ ఆడవాళ్ళు అన్న కారణంతో రిక్రూట్‌మెంట్‌లో తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, తర్వాత 2019 వేతనాల కోడ్‌లోకీ వచ్చింది. ఆడవాళ్ళు కదా అని ఈ ప్రశ్న అడిగి దాన్ని బట్టి తీసేస్తే అది ఆ తేడానే కదా.

మగవాళ్ళని కూడా అడుగుతున్నాం, మరి సమానమే కదా?

అదే ప్రశ్న, జవాబుకి ఇచ్చే మార్కులు మాత్రం వేరు. మగాయన "వచ్చే నెల బాబు పుడతాడండి" అంటే "ఓ కంగ్రాట్స్, బాధ్యత వచ్చింది, నిలకడగా ఉంటాడు" అంటారు, అదే మాట అమ్మాయి అంటే గది నిశ్శబ్దం అయిపోతుంది. కాబట్టి ఎవర్నీ అడక్కపోవడమే మంచిది.

అక్కడికక్కడ నేనేం చెప్పాలి?

అందరూ ముందు అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ఆ ప్రశ్న వెనక ఒక భయం ఉంటుంది, ఆ భయానికి జవాబు చెప్పండి, మీ కడుపు గురించి కాదు. పని టైముకి వస్తారా, ట్రావెల్ చేస్తారా, మధ్యలో వదిలేసి పోతారా, ఇవే వాళ్ళకి కావాల్సింది. సో నవ్వుతూ "ఈ రోల్‌కి కావాల్సిన టైమింగ్స్, ట్రావెల్ జాబ్ డిస్క్రిప్షన్‌లో చూశానండి, నాకు ఇబ్బంది లేదు. రిలీజ్ టైమ్‌లో వీకెండ్స్ ఎలా ఉంటాయి ఇక్కడ?" అనండి. చూశారా, జవాబూ అయింది, చివర్లో ప్రశ్న మీరే వేశారు, ఇప్పుడు మాట్లాడాల్సింది వాళ్ళు. నేను చాలామందితో ఫోన్‌లో ఇదే ప్రాక్టీస్ చేయించా, పదిలో ఎనిమిదిసార్లు మాట పని మీదకి మళ్ళిపోతుంది అని వాళ్ళే తర్వాత చెప్పారు.

రెండోసారి అడిగితే: "నేను లాంగ్ టర్మ్ కోసమే చూస్తున్నానండి, పోయిన కంపెనీలో కూడా నాలుగేళ్ళు చేశా." మీ రికార్డు ఎలా ఉంటే అలా చెప్పండి, ఒక కంపెనీలో ఎంతకాలం ఉన్నారు, ఏ ప్రాజెక్టు మొదలుపెట్టి పూర్తిచేశారు అని. జరిగిపోయినదాన్ని ఎవరూ కాదనలేరు కదా.

మూడోసారి కూడా వదలకపోతే: "పర్సనల్ విషయాలు ఇంటర్వ్యూలో మాట్లాడటం నాకు ఇబ్బందండి, పని గురించి ఏదైనా అడగండి." గొంతు పెంచకుండా, సారీ చెప్పకుండా. తర్వాత ఆగిపోండి. ఆ నిశ్శబ్దం రెండు సెకన్లే ఉంటుంది కానీ చాలాసేపు అనిపిస్తుంది, దాన్ని నింపడానికి మనమే కంగారులో "అంటే ఏంలేదండి మా అమ్మ ఉంటారు, డేకేర్ కూడా చూశాం, మా ఆయనకి వర్క్ ఫ్రమ్ హోమ్" అని మొత్తం చెప్పేస్తాం. మొహమాటం మనల్ని ఎక్కువ మాట్లాడిస్తుంది. ఒక వివరం ఇస్తే దాని మీద ఇంకో ప్రశ్న పుడుతుంది, "ఓహో అమ్మ ఉంటారా, ఆవిడ ఆరోగ్యం బానే ఉంటుందా" అని.

ఇవన్నీ రెండుసార్లు పైకి అనుకుని వెళ్ళండి, మనసులో అనుకుంటే అక్కడ నోరు తిరగదు.

ఇంకో మాట. మీకు ఆ ఉద్యోగం చాలా అవసరం, ఇంటి అద్దె కట్టాలి, ఇప్పుడు వాదన పెట్టుకునే పరిస్థితి లేదు, సో అడిగినదానికి జవాబు చెప్పేసి వచ్చేశారు. తప్పేం లేదు. ధైర్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, నెలాఖరు ఖర్చు మీదే.

అబద్ధం చెప్పొచ్చా?

జర్మనీలో అయితే కడుపుతో ఉన్నారా అని అడగడమే చెల్లదు కాబట్టి దానికి అబద్ధం చెప్పినా తర్వాత దాన్ని పట్టుకుని ఉద్యోగం తీసెయ్యలేరు, కోర్టులు ఆ మాట స్పష్టంగా చెప్పాయి. మిగతా చోట్ల నా సలహా ఏంటంటే, రాతలో ఇచ్చేవాటిలో, అంటే ఫారంలో పెళ్లయిందా లేదా లాంటి వాటిలో అబద్ధం రాయొద్దు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే అసలు విషయం పోయి అబద్ధమే పెద్దదవుతుంది. ఆ కాలమ్ ఖాళీగా వదిలెయ్యొచ్చు. ప్లాన్స్ సంగతి వేరు, "ఇప్పుడప్పుడే ఏం అనుకోలేదండి" అన్నమాట అబద్ధమని ఎవరూ తేల్చలేరు, ఎందుకంటే చాలామందికి అది నిజంగానే రోజుకో రకంగా ఉంటుంది.

"మాకు పిల్లలు వద్దనుకుంటున్నాం" అంటే సేఫ్ కదా?

వద్దు. అలా చెప్తే ఆ ప్రశ్న అడగడం కరెక్టే అని మనమే ఒప్పుకున్నట్టు, తర్వాత వచ్చే అమ్మాయి నుంచి కూడా అదే జవాబు ఆశిస్తారు. పైగా రెండేళ్ళ తర్వాత మీ మనసు మారితే "అప్పుడలా అన్నావుగా" అనే మేనేజర్లున్నారు.

నాకు రెండు నెలల క్రితమే అబార్షన్ అయింది, ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాగానే కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. సెలెక్షన్ పోయినట్టేనా?

నాకు ఈ ఫోన్ మూడుసార్లు వచ్చింది, ముగ్గురు వేరువేరు మనుషుల నుంచి. అడిగినాయనకి అది టైంపాస్ ప్రశ్న. ఎదురుగా కూర్చున్నామె ఐవీఎఫ్ ఇంజెక్షన్ వేసుకుని వచ్చిందో, బిడ్డని పోగొట్టుకుని వచ్చిందో, దత్తత కాగితాల కోసం తిరుగుతోందో, అసలు ఒంటరిగా ఉండాలనుకుందో ఆయనకేం తెలుసు. కళ్ళలో నీళ్ళొస్తే "ఒక్క నిమిషం నీళ్ళు తాగి వస్తానండి" అని లేచి బయటికి రండి, ఎవరూ ఏమీ అనరు. కారణం చెప్పాల్సిన పనిలేదు. దాంతో సెలెక్షన్ పోయినట్టేం కాదు, ఆ ముగ్గురిలో ఒకామెకి అదే రౌండ్ నుంచి ఆఫర్ వచ్చింది.

ఇప్పుడు నాకు నాలుగో నెల. ఇంటర్వ్యూలో చెప్పాలా?

చాలా దేశాల్లో చెప్పాలన్న రూలేం లేదు. డెన్మార్క్ నుంచి యూరప్ కోర్టుకి వెళ్ళి 2001లో తేలిన ఒక కేసులో, ఒకామె ఆరు నెలల కాంట్రాక్టుకి చేరింది, కడుపుతో ఉన్నానని చేరేటప్పుడు చెప్పలేదు, కాంట్రాక్టులో చాలాభాగం లీవ్‌లోనే పోతుంది. కంపెనీ తీసేసింది. యూరప్ కోర్టు ఆ తీసెయ్యడం కుదరదంది, చెప్పకపోయినా సరే.

నేనైతే ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, జాయినింగ్ తేదీ మాట్లాడుకునేటప్పుడు మేనేజర్‌కి చెప్పమంటా. ముందే చెప్తే మీ పనితనం చూడరు, మరీ లేట్‌గా చెప్తే రోజూ కలిసి పనిచేసేవాళ్ళతో మొదట్లోనే మనస్పర్థ వస్తుంది. రేడియేషన్, కెమికల్స్, బరువులెత్తడం లాంటి పని అయితే మీ ఆరోగ్యం కోసం చేరకముందే చెప్పండి. ఇండియాలో అయితే ఇంకో లెక్క కూడా చూసుకోండి, ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో ఆ కంపెనీలో కనీసం 80 రోజులు పనిచేసుంటేనే పెయిడ్ లీవ్ వస్తుంది. కొత్త కంపెనీలో ఎప్పుడు చేరాలన్నది దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించుకుని రిపోర్ట్ తెమ్మన్నారు, లేదంటే ఫారంలో పీరియడ్స్ వివరాలు అడిగారు. ఇవ్వాలా?

పైన చెప్పిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందమే దీన్ని కూడా వద్దంటుంది, గర్భిణులకి చట్టం నిషేధించిన పనో, ప్రమాదం ఉన్న పనో అయితే తప్ప. బ్రెజిల్‌లో 1995 నుంచి ఇలాంటి సర్టిఫికెట్ అడగడం నేరం. ఇండియాలో 1991లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసు ఉంది, ఎల్ఐసీలో చేరినామెని ప్రొబేషన్‌లో తీసేశారు, డిక్లరేషన్‌లో గర్భం సంగతి దాచిందని. ఆ ఫారంలో పీరియడ్స్ తేదీలు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది లాంటివన్నీ ఉన్నాయి. ఆ కాలమ్స్ ఆత్మగౌరవం ఉన్న ఏ మహిళకైనా సిగ్గుచేటుగా ఉంటాయని కోర్టు వాటిని తీసెయ్యమంది, ఆమెని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. కాబట్టి ఎవరైనా అలాంటి ఫారం ఇస్తే ఆ గడులు ఖాళీగా వదిలి, ఫొటో తీసి పెట్టుకోండి.

రెజ్యూమెలో పెళ్లయిందని రాయాలా?

వద్దు. భర్త పేరు, పిల్లలు, ఇవేవీ రాయక్కర్లేదు.

రిజెక్ట్ అయ్యాను, దీనివల్లే అని గట్టిగా అనిపిస్తోంది. ఏం చెయ్యాలి?

ముందు రాసిపెట్టుకోండి, అదే రోజు. ఎవరు, ఏ పదాలతో, ఏ టైంకి అడిగారు, పక్కన ఎవరున్నారు, మీరేం అన్నారు. రెండ్రోజులాగితే మాటలు మారిపోతాయి. ఆ రాత మీకు మీరే మెయిల్ చేసుకుంటే తేదీ కూడా ఉంటుంది. తర్వాత హెచ్చార్‌కి మర్యాదగా ఫీడ్‌బ్యాక్ అడుగుతూ మెయిల్ పెట్టండి, వాళ్ళ జవాబు కూడా సాక్ష్యమే. అమెరికాలో అయితే ఫిర్యాదుకి 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజుల గడువుంటుంది, అదీ కనీసం 15 మంది ఉద్యోగులున్న కంపెనీల మీద. గడువులు ప్రతి దేశంలోనూ ఉంటాయి కాబట్టి కోపం తగ్గేదాకా ఆగొద్దు.

నిజం చెప్పాలంటే నిరూపించడం కష్టం, ఎవరూ రాతలో ఒప్పుకోరు. కేసు దాకా వెళ్ళకపోయినా పర్లేదు, కానీ రాసిపెట్టుకోవడం మాత్రం మానొద్దు, అదే కంపెనీ గురించి ఇంకొకామె ఫిర్యాదు చేసిన రోజు మీ కాగితం ఆమెకి పనికొస్తుంది.

నేను ఇంటర్వ్యూ తీసుకునేవాణ్ణి. టీమ్ చిన్నది, ఒకరు ఆరు నెలలు లేకపోతే నిజంగా ఇబ్బంది. మరి ఎలా తెలుసుకోవాలి?

మీ ఇబ్బంది నాకర్థమవుతుంది, నేనూ ఐదుగురి టీమ్ నడిపా. కానీ ఆ ఇబ్బంది యాక్సిడెంట్ వల్ల రావచ్చు, మంచి ఆఫర్ వచ్చి మానేసిన కుర్రాడి వల్ల రావచ్చు, వాళ్ళని మీరు ఇంటర్వ్యూలో "కాలు విరగ్గొట్టుకునే ఆలోచన ఉందా" అని అడగట్లేదు కదా. పని గురించే అడగండి: "నెలలో నాలుగు రోజులు ట్రావెల్ ఉంటుంది, కుదురుతుందా", "రాత్రి పదికి క్లయింట్ కాల్ ఉంటుంది". అందరినీ అదే మాటల్లో, అదే వరసలో అడగండి.

ఫీడ్‌బ్యాక్ షీట్ కూడా చూసుకోండి. నేను ప్యానెల్‌లో చేరిన కొత్తలో ఒకమ్మాయి షీట్ నా చేతికొచ్చింది, "టెక్నికల్లీ వెరీ గుడ్, రీసెంట్లీ మ్యారీడ్" అని. రాసింది నా పక్క సీటు ఆయనే, మంచి మనిషి. "కామా తర్వాత ఉన్నది ఎందుకు రాశారండీ" అని అడిగా. కాసేపు చూసి, ఏం మాట్లాడకుండా పెన్ను తీసుకుని కొట్టేశారు. ఆ అమ్మాయి చేరింది, నాలుగేళ్ళు చేసింది, మధ్యలో ఒకసారి లీవ్‌కి కూడా వెళ్ళొచ్చింది.

మరి కంపెనీ లీవ్ పాలసీ నేను ఎప్పుడు అడగాలి? ముందే అడిగితే వాళ్ళకి డౌట్ వస్తుంది కదా?

ఆఫర్ రాతలో వచ్చాక, సంతకం పెట్టకముందు. "మెటర్నిటీ లీవ్ ఎన్ని వారాలు" అని విడిగా కాకుండా "లీవ్, ఇన్సూరెన్స్, వర్క్ ఫ్రమ్ హోమ్ పాలసీ మొత్తం పంపగలరా" అని హెచ్చార్‌కి మెయిల్ పెట్టండి. మొత్తం పంపుతారు, మీకు కావాల్సిన పేజీ మీరు చదువుకోండి. పాలసీ పంపడానికి తటపటాయిస్తే, ఫోన్‌లో చెప్తాం అంటే, "మెయిల్‌లో పెడితే నాకు తేలిగ్గా ఉంటుందండి" అని ఇంకోసారి అడగండి. అప్పటికీ రాకపోతే సంతకం పెట్టేముందు ఆ కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో చూసి, లీవ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళకి ఏ పని ఇచ్చారో కనుక్కోండి.